తడిసిన చీటీ

అక్టోబరులో మా కౌంటీకి రెండో కోత.
మొదటిది కంబైన్లు కోస్తాయి,
రెండోది నేను, కీబోర్డు మీద.

ట్రాక్టర్ల షాపు పక్కన ఇటుకల ఆఫీసు.
కౌంటరు మీద ఎవరూ కొట్టని గంట.
గోడ నిండా విమానం నుంచి తీసిన పొలాలు,
ఎర్ర గీతల మధ్య ఉత్తర డకోటా
కుట్లు ఊడిన బొంతలా పరుచుకుని ఉంటుంది.

ఇక్కడ డబ్బు పండినదానికి కాదు,
ఒకప్పుడు పండిందని కాగితం ఒప్పుకున్నదానికి.
ఈ ఏడు నేల మీద ఏముందని పెద్దగా పట్టించుకోరు.
గోధుమను మరిచిపోనందుకు
మట్టికిచ్చే భత్యం అనుకోండి.

మనిషికి ఇంతేనని పరిమితి ఉంది.
అందుకని రోరిక్ వాళ్లు మనుషుల్ని పెంచారు.
ముగ్గురన్నదమ్ములు పదకొండుమంది భాగస్వాములయ్యారు.
అందులో ఒకాయన ఫీనిక్స్‌లో పళ్ల డాక్టరు.
ఏడాదికి రెండుసార్లు ఫోన్లో పొలం సంగతి అడుగుతాడు,
దాన్ని మేం నిర్వహణ అంటాం.
సంతకాలన్నీ సక్రమం. సరిచూసింది నేనే.
కాకిలెక్కలు కావివి,
ఏ కాకీ ఇంత ఓపిగ్గా లెక్కపెట్టదు.

నిన్న మధ్యాహ్నం ఎల్వా బ్రాండ్‌వోల్డ్ వచ్చింది.
భర్త పోయింది మేలో, విత్తనాల రోజుల్లో.
బూట్ల బురద బయట గీకి, లోపలికొచ్చి,
చెక్కు కౌంటరు మీద పెట్టింది.
మేమిచ్చింది కాదు, తను మాకు రాసింది:
నాలుగు వందల ఇరవై ఒక్క డాలర్ల ఏడు సెంట్లు.
ఆ ఏడు సెంట్లూ అక్షరాల్లో.

"తీసుకో. గోధుమ వేసి పదేళ్లు.
ఇప్పుడున్నది పొద్దుతిరుగుడు.
చెయ్యని పనికి కూలి మా ఇంట్లో ఎవరూ తినలేదు."

సొరుగులన్నీ వెతికాను.
పొరపాటున ఎక్కువిచ్చామనడానికి ఫారం ఉంది,
అబద్ధం చెప్పాననడానికి ఉంది,
చచ్చిపోయాడనడానికి మూడున్నాయి.
నాకొద్దు అనడానికి లేదు.

"ఇంతకీ ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?"
తెర ఆమె వైపు తిప్పాను.
తొంభై నాలుగెకరాలు. ఎకరాకు ముప్పై ఒక్క బుషెళ్లు.
ఆమె వేలు అక్కడ ఆగింది.

"ముప్పై మూడు."

నేను మాట్లాడలేదు.
"ముప్పై మూడు. ఆ ఏడు వాన సరిగ్గా కురిసింది.
తూకం చీటీలన్నీ చెప్పుల పెట్టెలో తెచ్చాం.
ఆఖరిది దారిలో తడిసింది, సిరా అలుక్కుపోయింది.
పచ్చ స్వెటరు పిల్లొకతి చెల్లదంది.
ఆర్నే ఇంటికెళ్లేదాకా నోరు విప్పలేదు.
రాత్రి అన్నం దగ్గర ఒక్క మాటన్నాడు:
లారీడు గోధుమ నీళ్లపాలైంది, కళ్లముందే."

ఆ స్వెటరు మా అమ్మ అల్లింది.
నేను చేరి అప్పటికి మూడు నెలలు,
రూల్సంటే భయం, తప్పంటే ఇంకా భయం.
ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో
ఆమె కళ్లలో దొరకలేదు.

దిగుబడి దిద్దుకునే గడువు ఎప్పుడో ముగిసింది,
మళ్లీ ఎప్పుడు తెరుస్తారో వాషింగ్టన్‌కే తెలియాలి.
మెల్లగా ఆ సంగతి చెప్పాను.
చెబుతూనే మనసులో గుణించాను, పాడు అలవాటు:
ఆ రెండు బుషెళ్ల విలువ ఈ ఏడు ఇరవై ఏడు డాలర్లు.
డబ్బు వద్దని వచ్చిన మనిషికి
ఆ లెక్క వినిపించలేదు.

ఎల్వా చెక్కు తీసి నాలుగు మడతలు పెట్టింది.
"ముప్పై మూడు చేశాక కబురు పెట్టు.
అప్పుడు మొత్తం వాపసిస్తా."
తలుపు దగ్గర ఆగి, గంట వైపు చూసి,
వెనక్కొచ్చి, ఒకసారి కొట్టి వెళ్లింది.

అయిదింటికి దీపాలార్పేముందు
గోడమీది పాత పటంలో వాళ్ల పొలం వెతికాను.
నీటిమడుగు చుట్టూ ఆర్నే వంపు తిరిగి దున్నిన చాళ్లు
ఇంకా కనిపిస్తున్నాయి.
అంచున, పెన్సిల్‌తో, సన్నగా: 33.

చెల్లదు. నాకు తెలుసు.

రేపు తొమ్మిదింటికి రోరిక్ వాళ్ల పన్నెండో భాగస్వామి వస్తాడు.
పోయిన నెలే పద్దెనిమిది నిండాయట.
కౌంటరు మీద పెన్ను పెట్టాలి.